ఆరో గిన్నె

నా నోరు మంచిది కాదని మా ఆయన అంటాడు. పెళ్ళయిన కొత్తలో అన్నాడు, ఇప్పటికీ అంటున్నాడు. ముప్ఫై ఆరేళ్ళుగా ఒకే మాట మీద నిలబడ్డ మగవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. అయితే ఆ నోటి గురించి ఆయనకు తెలిసిన ఇంకో సంగతి నాలుగేళ్ళపాటు నేను పని చేసేచోట ఎవరికీ తెలియదు. అందులో నా సొంత పన్ను ఒక్కటి కూడా లేదు. పైన పద్నాలుగు, కింద పద్నాలుగు, అన్నీ కట్టుడు పళ్ళే.

దీంట్లో దాచుకోవలసింది ఏముందని మీరనవచ్చు. నేను పని చేసేది పళ్ళ ఆసుపత్రిలో, అదీ వంటమనిషిగా. పళ్ళు పీకించుకున్నవాళ్ళకు, చిగుళ్ళు కోయించుకున్నవాళ్ళకు, దవడ ఎముకలో మరలు దింపించుకున్నవాళ్ళకు నమిలే పని లేని భోజనం వండిపెట్టడం నా ఉద్యోగం. అక్కడ అందరూ నన్ను మెత్తమ్మ అంటారు. వంటను చూసి పెట్టిన పేరే గానీ మనిషిని చూసి పెట్టింది కాదు.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఒక హోటల్లో వండాను. చిగుళ్ళ జబ్బు పట్టుకుని పళ్ళు ఒక్కొక్కటే కదిలిపోయాయి, చివరికి ఉన్నవన్నీ తీసేయాల్సి వచ్చింది. బోసినోటితో పనిలోకి వెళ్ళిన మూడోరోజే మేనేజరు పిలిచాడు. "పళ్ళు లేనిదానివి, రుచేం చూస్తావమ్మా? తినడానికొచ్చినవాళ్ళు నిన్ను చూస్తే వంట మీదే నమ్మకం పోతుంది. ఇంట్లో విశ్రాంతి తీసుకో" అన్నాడు. రుచి తెలిసేది నాలుకకా, పంటికా అని అడుగుదామనుకున్నాను. అనుకోవడమేమిటి, అడిగేశాను. సాయంత్రానికల్లా నన్ను పంపించేశారు.

ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. మా ఆయన దర్జీ. కళ్ళు మసకబారి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళను పిలిచే దర్జీ. ఇల్లు నడిచేది నా గరిటె మీదే. అది కూడా చేజారితే మేమిద్దరం ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలియలేదు.

అందుకే ఊరికి ఆ చివర, ఒక ఇరుకు గదిలో పళ్ళ సెట్లు చేసే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. "పింగాణీ కప్పులు బోర్లించినట్టు మరీ వరసగా పెట్టకు నాయనా, ముందు పన్ను ఒకటి కాస్త పక్కకి వాల్చు" అన్నాను.

"అందం పోతుందమ్మా."

"ఈ వయసులో అందం ఏం చేసుకోను? నిజంగా ఉంటే చాలు."

ఆయన వాల్చాడు. ఆ వాలిన పన్నుతోనే నాకు ఈ ఉద్యోగం వచ్చింది.

పళ్ళ డాక్టరుగారి చెయ్యి తేలిక, మాటలే బరువు. "నోరు ఒక్కసారి చూస్తే చాలు, మనిషి చరిత్రంతా చెప్పేస్తాను" అని రోజుకు పదిసార్లయినా అంటారు. మొదటిరోజు బల్ల అవతలి నుంచే నన్ను చూసి తల పంకించారు. "మీరు చిన్నప్పటి నుంచీ తీపి ముట్టలేదు. అవునా?"

బెల్లం డబ్బాకు తాళం వేయించిన ఘనత నాది. "అవునండీ" అన్నాను.

"ముందు పన్ను వాలింది. అది మీ అమ్మగారి వైపు నుంచి వచ్చింది."

"అవునండీ. మా అమ్మకీ అంతే."

నెల తిరక్కుండా నా ఫోటో ఒకటి తీయించి, రోగులు కూర్చునే గదిలో గోడకు వేలాడదీశారు. కింద పెద్ద అక్షరాలతో ఇలా రాయించారు: 'మా వంటావిడ. వయసు యాభై ఏడు. పళ్ళన్నీ సొంతం.' చెంపలు వాచి మూలుగుతున్నవాళ్ళకు ఆ ఫోటో చూపించి, "ఆవిడకున్న శ్రద్ధలో సగం మీకుంటే నా కుర్చీలో కూర్చునేవారా?" అని మందలించేవారు. వాళ్ళు నా వంక చూసే చూపులో అసూయ ఉండేది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని వంటగదిలోకి జారుకునేదాన్ని. నోరు మూసుకోవడం నాకు కొత్త, చాలా కష్టంగా ఉండేది.

ఇక వంట సంగతి. డాక్టరుగారు రోగికి రాసిచ్చే చీటీలో 'మెత్తని, బలమైన ఆహారం' అని మూడే మాటలుంటాయి. ఆ మూడు మాటలు రాసేటప్పుడు ఆయన వేయించిన వేరుశనగ గింజలు పటపటా నములుతూ ఉంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మెత్తన అంటే ఎంత మెత్తన? వేళ్ళకు మెత్తగా తగిలింది పచ్చి పుండుకు మెత్తగా తగలదు. పన్ను తీసిన చోట చిన్న గుంట పడుతుంది. అందులో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చోవాలి. ఒక్క టమాటా గింజ అందులో దూరినా, వేడి తగిలినా, గొట్టం పెట్టి పీల్చినా ఆ మూత ఊడివస్తుంది. ఇక ఆ మనిషి బాధ పగవాడికి కూడా వద్దు. పోనీ అన్నీ మానేసి గంజినీళ్ళు పోద్దామా అంటే, తిండి లేనిదే గాయం మానదు. చప్పగా ఉంటే రోగి ముద్ద ముట్టడు.

అందుకని నేను పొట్టు తీసిన పప్పును ఉడికించి రెండుసార్లు జల్లెడ పట్టేదాన్ని. గుమ్మడికాయ, క్యారెట్టు, బంగాళాదుంప వేటికవే ఉడికించి మెదిపేదాన్ని. చేప ముల్లు వేళ్ళతో వెతికి వెతికి తీసి పాలతో కలిపేదాన్ని. కారం, మిరియం, పులుపు ఏదీ తగలకూడదు కాబట్టి ఉల్లిపాయను వెన్నలో సన్నసెగ మీద ఎర్రగా వేయించి, గుడ్డలో పిండి, ఆ సారం ఒక్కటే కలిపేదాన్ని. రుచంతా దాంట్లోనే ఉంది. చివర్లో గుడ్డు, పాలు కలిపి ఆవిరి మీద ఉడికించిన కస్టర్డు. ఒక్కో పళ్ళెంలో మూతలున్న చిన్న స్టీలు గిన్నెలు ఐదు. అన్నీ గోరువెచ్చన.

అసలు పని ఆ తరవాత. తలుపు గడియ పెట్టి, గోడవైపు తిరిగి, నా పళ్ళు తీసి అలాంటిదే ఇంకో చిన్న గిన్నెలో నీళ్ళు పోసి వేసి మూత పెట్టేదాన్ని. రుచి చెంచా వేరు, అది మళ్ళీ వంటలో పడదు. ఒక్కొక్కటీ చిగుళ్ళ మధ్య, నాలుక కింద దొర్లించి చూసేదాన్ని. ఆవగింజలో సగం పలుకు తగిలినా మళ్ళీ జల్లెడకే. పళ్ళున్నవాళ్ళకు ఆ పలుకు ఉన్నట్టే తెలియదు. నాలుగేళ్ళలో నా వంట తిని గుంటలో ఏదో ఇరుక్కుందని తిరిగొచ్చిన రోగి ఒక్కడు లేడు. అదంతా తన చీటీ మహిమేనని డాక్టరుగారు సభల్లో చెప్పుకునేవారు. చెప్పుకోనిమ్మని ఊరుకున్నాను. నాకు కావలసింది పేరు కాదు, గరిటె.

రోగుల్లో లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. ఎప్పుడో రిటైరయ్యారు, ఇంట్లో ఒక్కరే. ఉన్న పళ్ళన్నీ తీయించుకుని రెండు నెలలైంది. పుళ్ళు మానిపోయి చిగుళ్ళు నున్నగా తేలాయి గానీ, పళ్ళ సెట్టు మాత్రం రాలేదు. అది తయారుచేసే లాబ్ నుంచి రోజూ ఒకటే కబురు, రేపు. అంతదాకా ఆయన మధ్యాహ్నం భోజనం మా ఆసుపత్రి పై గదిలోనే.

"రేపనేది ఎన్నో తారీఖో ఏ లెక్కలోనూ తేలడం లేదమ్మా" అనేవారు మాస్టారు. కస్టర్డు ఆయనకు ప్రాణం. ఐదో గిన్నె ఖాళీ చేసి చిన్నపిల్లాడిలా మొహం పెట్టేవారు. అది చూడలేక ఆయన ఒక్కరికి ఆరో గిన్నె కూడా పంపేదాన్ని. దాన్ని కిటికీ గట్టు మీద చల్లారబెడితే నర్సమ్మాయి పళ్ళెంలో పెట్టుకుని తీసుకెళ్ళేది.

అలా ఉండగా, ఊళ్ళో పళ్ళ ఆసుపత్రుల్లో మంచిదాన్ని ఎంచి బహుమతి ఇవ్వడానికి డాక్టర్ల సంఘం నుంచి ఇద్దరు వస్తున్నారన్నారు. డాక్టరుగారికి రెండు రోజులు కాలు ఒకచోట నిలవలేదు. గోడలు కడిగించారు, పూలకుండీలు తెప్పించారు, నా ఫోటోకు దుమ్ము తుడిపించారు. వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే వంటగదిలోకి వచ్చి, "మెత్తమ్మగారూ, గట్టు మీద ఒక్క వస్తువు కూడా కనిపించకూడదు. అద్దంలా ఉండాలి" అన్నారు.

వంటగది అద్దంలా ఉంటే అందులో వంట ఎక్కడ చేస్తారు? అయినా సరేనన్నాను. ఉప్పు డబ్బా, జల్లెడలు, గరిటెలు అన్నీ అలమరలో కుక్కేశాను. నా పళ్ళ గిన్నె రోజూ ఉప్పు డబ్బా వెనకాల ఉంటుంది. ఆ రోజు దానికి చోటు లేక, రుచి చూస్తున్న ఆ నాలుగు నిమిషాలకీ కిటికీ గట్టు మీద పెట్టాను. పక్కనే మాస్టారి కస్టర్డు.

ఇంతలో తలుపు దబదబా బాదారు. "పిన్నీ, వాళ్ళొచ్చేశారు! పళ్ళేలు ఇచ్చెయ్, సార్ తొందర పెడుతున్నారు" అంది నర్సమ్మాయి. నేను మూతికి మాస్కు తగిలించుకుని గడియ తీశాను. ఆ పిల్ల సుడిగాలిలా వచ్చి, పళ్ళేలు రెండు చేతుల్లో సర్దుకుని, పోతూ పోతూ కిటికీ గట్టు మీద చేతికందిన గిన్నెను మాస్టారి పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని, గట్టు మీద మిగిలిన గిన్నె మూత తీశాను. పసుప్పచ్చగా, నున్నగా, కస్టర్డు.

పరుగెత్తుకుంటూ మెట్లెక్కాను. సగం మెట్ల మీద ఉండగానే పైనుంచి మాస్టారి కేక వినిపించింది.

"డాక్టరుగారూ! వచ్చేశాయండీ! నా పళ్ళు వచ్చేశాయి!"

గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి జరగవలసింది జరిగిపోయింది. రెండు నెలలుగా రేపు, రేపు అని విన్న మనిషి కదా, మూత తీయగానే నీళ్ళలో పళ్ళ సెట్టు కనిపిస్తే ఏమనుకుంటారు? తనవే అనుకున్నారు. అనుకుని ఊరుకోకుండా నోట్లో పెట్టేసుకున్నారు. నా వాలిన ముందు పన్ను మాస్టారి పెదవుల మధ్య నుంచి నన్నే చూస్తోంది.

సంఘం తరఫున వచ్చిన ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఒకాయన చేతిలో కాగితాల కట్ట, ఒకావిడ మెడలో కెమెరా. డాక్టరుగారు ఒక్క క్షణం తెల్లబోయారు. పళ్ళు ఎప్పుడొచ్చాయి, ఎవరు తెచ్చారు, అన్నం పళ్ళెంలో ఎందుకున్నాయి, అన్నీ ఆయన మొహంలో కనిపించాయి. కానీ బయటివాళ్ళ ముందు తెలియదని చెప్పే అలవాటు ఆయనకు లేదు.

"అవును మాస్టారూ, మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామనే" అన్నారు. తరవాత ఆ ఇద్దరి వైపు తిరిగి, "చివరి మెత్తని భోజనంతో పాటే కొత్త పళ్ళు అందించడం మా ఆసుపత్రి పద్ధతి" అన్నారు.

కాగితాలాయన గబగబా రాసుకున్నాడు.

"ఎలా ఉన్నాయి?" అన్నారు డాక్టరుగారు.

"కొంచెం వదులుగా... ఒకపక్క గుచ్చుకుంటోంది..." అన్నారు మాస్టారు. మాటతో పాటు పళ్ళు కూడా బయటికి రాబోయాయి.

"మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. అలవాటైపోతుంది. ఇటివ్వండి, కాస్త అరగదీస్తే చక్కగా కూర్చుంటాయి." డాక్టరుగారు సెట్టు చేతిలోకి తీసుకుని కెమెరా ఆవిడకు చూపించారు. "ఈ ముందు పన్ను చూశారా? కావాలనే వాల్చి చేయించాను. సహజంగా ఉండాలి కదా!"

ఇంత పచ్చి అబద్ధం నా ఎదురుగా ఆడుతుంటే నోరెత్తలేని బతుకు పగవాళ్ళకు కూడా వద్దు. నర్సమ్మాయికి సైగ చేశాను. ఆ పిల్ల నాకు దాహమేసిందనుకుని మంచినీళ్ళ గ్లాసు తెచ్చింది. డాక్టరుగారు నర్సుతో పంటి మర తెప్పించి, దాని కొసకు అరగదీసే రాయి బిగించారు. అది ఝుయ్యిమంది. సరిగ్గా అప్పుడే ఆయన కన్ను నా మీద పడింది.

"అదిగో, చెప్పానే, గోడ మీద ఫోటో! ఆవిడే. రండి మెత్తమ్మగారూ. ఆ మాస్కు తీసి వీళ్ళ ముందు ఒక్కసారి నవ్వండి."

కెమెరా ఆవిడ కెమెరా ఎత్తింది.

డాక్టరుగారి కుడిచేతిలో తిరుగుతున్న రాయి, ఎడమచేతిలో నా పళ్ళు. మాస్కు తీస్తే ఉద్యోగం పోతుంది. తీయకపోతే పళ్ళు పోతాయి, అవి లేకుండా రేపు ఇదే మొహంతో ఇక్కడికి రాలేను కాబట్టి ఉద్యోగం ఎలాగూ పోతుంది. మింగలేను, కక్కలేను. హోటలు మేనేజరు మాటలు చెవిలో మోగాయి. పళ్ళు లేనిదానివి, రుచేం చూస్తావమ్మా. సూది పట్టుకుని వెలుగు కోసం గుమ్మంలో కూర్చునే మా ఆయన కళ్ళముందు మెదిలాడు. ఇంకో రెండు క్షణాలు ఆలోచించేదాన్నేమో. రాయి నా కుడివైపు దవడపన్నుకు తగిలి తెల్లటి పొడి రాలింది.

"ఆపండి! అవి నావి!"

మాస్కు నేనే లాగి పారేశాను. సగం మాట గాలిలో కలిసిపోయింది గానీ మిగిలింది అందరికీ అర్థమైంది. కెమెరా క్లిక్కుమంది.

మర ఆగింది. డాక్టరుగారు నా నోటి వైపు చూశారు, చేతిలోని పళ్ళ వైపు చూశారు, మళ్ళీ నా నోటి వైపు చూశారు. నాలుగేళ్ళలో ఆయన నా నోరు నిజంగా చూడటం అదే మొదలు.

"నాలుగేళ్ళుగా నన్ను మోసం చేశావా?" అన్నారు. గారూ పోయింది, మీరు పోయింది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి నా నోరు నాకు తిరిగొచ్చింది. "నేనా మోసం చేసింది? నోరు చూస్తే చరిత్ర చెప్తానన్నది మీరు. మా అమ్మ పన్ను గురించి చెప్పింది మీరు. ఫోటో పెట్టమని నేనడిగానా? ఇప్పుడు ఆ పన్ను మీరే వాల్చారంటున్నారు. అది వాల్చిన ముసలాయన ఊరి చివర ఉన్నాడు, పిలిపించమంటారా?"

కాగితాలాయన రాయడం ఆపేసి చూస్తున్నాడు.

"పళ్ళు లేనిదానివి, మరి ఇన్నాళ్ళూ రుచి ఎలా చూశావ్?" అన్నారు డాక్టరుగారు.

"ఇలాగే చూశాను" అన్నాను. చిగుళ్ళతో ఎలా చూస్తానో, పలుకు తగిలితే ఏం చేస్తానో అంతా చెప్పేశాను. చెప్తుంటే కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి. సిగ్గుతో వచ్చాయో, కోపంతో వచ్చాయో నాకూ తెలియదు. "నేను మింగలేనిది ఏ రోగికీ పంపలేదండీ. అంతకన్నా నేను చేసిన తప్పేమీ లేదు."

అప్పటిదాకా గుడ్లప్పగించి చూస్తున్న మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అంటే, ఇందాక రెండు నిమిషాలు నా నోట్లో ఉన్నవి మీవన్నమాట. క్షమించాలి తల్లీ" అని, పక్కనున్న నీళ్ళతో గట్టిగా పుక్కిలించి వచ్చి కూర్చున్నారు. "డాక్టరుగారూ, రెండు నెలలుగా నా సమస్య ఇది. మా ఇంట్లో నేను ఉడికించుకున్న దాంట్లో రోజూ పలుకు తగిలేది, ఈవిడ పంపిన దాంట్లో ఒక్కరోజు తగల్లేదు. ఎందుకో ఇవాళ తేలింది. మీరు ఈవిణ్ణి పంపిస్తే నేనూ లేచిపోతాను. నా కస్టర్డు ఎక్కడుంది?"

పక్క మంచాల మీదున్న నలుగురూ వాచిన మొహాలతో అవునవునని తలలూపారు. మాట్లాడే స్థితిలో ఒక్కరూ లేరు.

ఆ రాత్రి మా ఆయనతో అంతా చెప్పాను. "నీ నోరు మంచిది కాదని ఎప్పుడో చెప్పాను" అన్నాడు. తరవాత చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

పనిలోంచి తీసేస్తారనే అనుకున్నాను. వారం తిరిగేసరికి బహుమతి మా ఆసుపత్రికే వచ్చింది. వైద్యానికి కాదు, భోజనానికి. 'వడ్డించే ముందు పళ్ళు లేని నోటితో పరీక్షించే ఒకే ఒక్క ఆసుపత్రి' అని కాగితాలాయన రాశాడట. డాక్టరుగారు బహుమతి పుచ్చుకుని సభలో మాట్లాడుతూ, ఆ పరీక్ష తాను ఎంతో పరిశోధించి పెట్టిన పద్ధతి అన్నారు. నేను మళ్ళీ మెత్తమ్మగారినయ్యాను. గోడ మీద ఫోటో మారింది. కెమెరా ఆవిడ తీసిందే, నేను నోరు తెరిచి అరుస్తున్నది. కింద కొత్త అక్షరాలు: 'మా వంటావిడ. ఒక్క పన్ను లేదు. అందుకే మీ భోజనం అంత మెత్తన.'

ఉద్యోగం నిలిచింది. కానీ నా పళ్ళు పోయాయి. రాయి తగిలిన వైపు కుదురు తప్పి, పెట్టుకుంటే నోరంతా పుండ్లు పడుతున్నాయి. పాడుచేసింది తానే కాబట్టి కొత్త సెట్టు చేయిస్తానని డాక్టరుగారు మాటిచ్చారు, నోటి కొలతలు కూడా తీసుకున్నారు. ఎప్పుడొస్తాయండీ అంటే, రేపు.

మాస్టారి పళ్ళు వచ్చాయి. మూడు వారాలు గడిచాయి, ఆరు వారాలు గడిచాయి, నా రేపు మాత్రం రాలేదు. పైగా డాక్టరుగారు మధ్యాహ్నం పూట పై గదిలో తిరిగి, అందరికీ కనపడేలా నవ్వి రమ్మనేవారు. ఒకరోజు నర్సమ్మాయి నోరు జారింది. "పిన్నీ, సారే లాబ్‌వాళ్ళకు తొందరేం లేదని చెప్పారు. నీకు పళ్ళొస్తే ఫోటో అబద్ధమైపోతుంది కదా!"

ఒళ్ళు మండిపోయింది. పళ్ళు కొరుకుదామంటే అవీ లేవాయె. పళ్ళు లేవని ఒకడు పనిలోంచి తీసేశాడు, పళ్ళుంటే పనికి రానని ఇంకొకరు పళ్ళే రానివ్వడం లేదు. నాకు జామకాయ కొరకాలని ఉంది. రొట్టె అంచు నమలాలని ఉంది. ఇంటికెళ్ళి మా ఆయన ఎదురుగా కూర్చుని, నేను వండిన జావే నేను తాగే ఖర్మ నాకెందుకు?

రోగుల పొట్ట కొట్టే పని నేను చెయ్యను. వాళ్ళ పళ్ళేలు ఎప్పటిలాగే వెళ్ళాయి. డాక్టరుగారి మధ్యాహ్నం భోజనం కూడా నా వంటగది నుంచే. ఆయన పళ్ళెంలోనూ ఐదు గిన్నెలు, ఐదు మూతలు సర్ది పంపాను. మొదటి గిన్నె మూత తీశారట, అందులో ఒక చీటీ. 'రేపు.' రెండో గిన్నెలో 'రేపు.' ఐదింటిలోనూ అదే వంటకం. మర్నాడూ అదే. మూడోరోజు ఆయనే కిందికి దిగొచ్చారు.

"ఏంటి మెత్తమ్మగారూ, ఈ చిన్నపిల్లల ఆటలు?"

"మొదట్లో అలాగే ఉంటుందండీ. అలవాటైపోతుంది" అన్నాను.

"అసలు మీకు పళ్ళొస్తే రుచెలా చూస్తారు?" అన్నారాయన. ఆ గొంతులో నిజంగానే దిగులుంది.

"నాలుగేళ్ళు ఎలా చూశానో అలాగే. తీసి చూస్తాను, పెట్టుకుని తింటాను. రోగులకు కావలసింది నా చిగుళ్ళు, నాకు కావలసింది నా పళ్ళు. రెండూ ఒకే నోట్లో పట్టాయి కదండీ ఇన్నాళ్ళూ!"

రెండో రోజుకల్లా పళ్ళు వచ్చాయి. లాబ్‌వాళ్ళకు రేపు ఆ రోజే దొరికిందన్నమాట. ముందు పన్ను వాల్చి మరీ చేశారు. ఆ వాలు తన ఆలోచనేనని డాక్టరుగారు అన్నారు. పోనీలెమ్మని ఊరుకున్నాను.

మొన్న ఒకావిడ వచ్చింది. జ్ఞానదంతం తీయించుకుని, చెంప బొబ్బట్టంత చేసుకుని పై గదిలో కూర్చుంది. గోడ మీద ఫోటో చూసి వచ్చినట్టుంది, నేను పళ్ళెం ముందు పెట్టగానే నా మూతి వంక అనుమానంగా చూసింది. కాగితం అడిగి రాసి చూపించింది: 'పళ్ళు లేని ఆవిడ చేసిందైతేనే తింటాను. మీరెవరు?'

గుమ్మంలో డాక్టరుగారు నిలబడి ఉన్నారు. ఏం చేస్తానోనని నా వంకే చూస్తున్నారు.

నేను గోడవైపు తిరగలేదు. పళ్ళెంలోంచి మూత ఉన్న ఖాళీ గిన్నె ఒకటి తీసుకున్నాను. ఈమధ్య అది ప్రతి పళ్ళెంలోనూ ఉంటోంది, ఎందుకంటే పళ్ళు తీసి చూపించమని అడగనివాళ్ళు లేరు. ఆవిడ ముందే పళ్ళు తీసి అందులో వేసి మూత పెట్టాను. వేరే చెంచాతో గుమ్మడికాయ ముద్ద కొంచెం తీసుకుని, చిగుళ్ళ మధ్య దొర్లించి మింగి, నోరు తెరిచి చూపించాను. ఆవిడ కళ్ళు విప్పార్చి చూసింది, తరవాత గిన్నె దగ్గరికి లాక్కుంది. ఐదు గిన్నెలూ ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉన్నాను.

సాయంత్రం ఇంటికెళ్తూ దోరజామకాయ ఒకటి కొన్నాను. మెత్తటి సగం మా ఆయనకిచ్చి, గట్టి సగం నేను తిన్నాను.